పసిపిల్లలతో పిట్స్‌బర్గ్ వెంకన్న గుడికి: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

కొడుకో కూతురో అమెరికాలో లేని వీధి ఇప్పుడు గోదావరి డెల్టాలో అరుదు. వేసవి వచ్చేసరికి ఇక్కడి తాతయ్యలూ అమ్మమ్మలూ విమానం ఎక్కుతారు, అక్కడికి చేరిన వారం రోజులకే ఏదో ఒక గుడికి కారులో వెళ్ళాలన్న మాట ఇంట్లో మొదలవుతుంది. ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే దారి గురించి ఉండటం వల్ల, మిగిలిన సందేహాలను వచ్చే సంచికకు వాయిదా వేసి, వీటికే సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి కుటుంబం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటోంది. మనవరాలికి ఆరేళ్ళు, పెద్ద మనవడికి మూడేళ్ళు, చిన్నవాడికి ఎనిమిది నెలలు. మేమిద్దరం వెళ్ళాక ఏడుగురం కలిసి కారులో పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళాలనుకుంటున్నాం. తెల్లవారుజామున బయలుదేరి, దర్శనం చేసుకొని, రాత్రికి ఇల్లు చేరవచ్చునని మావారి లెక్క. కార్తికంలో ఒక్కరోజులో పంచారామాలు తిరిగి వచ్చినవాళ్ళం కదా అంటున్నారు. చిన్నవాణ్ణి దారిపొడవునా నా ఒడిలో పెట్టుకుంటానంటే కోడలు ససేమిరా అంటోంది. ముగ్గురు పిల్లల్ని ఒడిలో పెట్టుకొని పెంచినదాన్ని, నాకు కష్టం కలిగింది. వాడి పుట్టువెంట్రుకలు కూడా అక్కడే తీయించమని బంధువులు చెబుతున్నారు కానీ మా మొక్కు అంతర్వేది నరసింహస్వామికి. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, అంబాజీపేట

సమాధానం: అమ్మా, ముందు ఒడి సంగతి చెబుతాను, ఎందుకంటే మిగిలినవన్నీ సర్దుకోగలిగినవే, ఇది మాత్రం కాదు. ఈ విషయంలో మీ కోడలు చెప్పినదే సరైనది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నైనా ఢీకొని అరమీటరు దూరంలో ఆగిపోతే, ఆ రెప్పపాటులో లోపలివారి మీద పడే బలం వారి బరువుకు దాదాపు 20 రెట్లు ఉంటుంది. ఎనిమిది కిలోల బిడ్డ ఆ క్షణాన మీ చేతుల్లో నూట అరవై కిలోలవుతాడు, అంటే రెండు ధాన్యం బస్తాలకు పైగా బరువు. కళ్ళంలో బస్తాలు మోసే మనిషి కూడా అంత బరువును ఒక్కసారిగా చేతులతో ఆపలేడు. పైగా మీరు వెళ్ళబోయే రహదారి మీద వేగం గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది. వేగం రెట్టింపయితే ఢీకొన్నప్పుడు అణగవలసిన శక్తి నాలుగింతలవుతుంది. మీ ప్రేమలో లోటు ఉందని కోడలు అనడం లేదు, చేతుల బలానికి ఒక హద్దు ఉందని చెబుతోంది.

చట్టం కూడా ఆమె పక్షానే ఉంది. న్యూజెర్సీలో రెండేళ్ళ లోపు, 30 పౌండ్ల (సుమారు పదమూడున్నర కిలోల) లోపు బరువున్న బిడ్డను వెనక సీటులో, బండి వెనక వైపుకు ముఖం ఉండేలా బిగించిన పిల్లల సీటులోనే కూర్చోబెట్టాలి. పిట్స్‌బర్గ్ ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రంలో కూడా రెండేళ్ళ లోపు పిల్లలు వెనక్కి తిరిగే కూర్చోవాలి. పసివాడి తల శరీరంతో పోలిస్తే పెద్దది, మెడ ఇంకా లేతది. వెనక్కి తిప్పిన సీటు, ఢీకొన్నప్పటి తాకిడిని మెడ మీదే పడనివ్వకుండా బిడ్డ వీపు అంతటా పంచుతుంది. మూడేళ్ళవాడికి అయిదు చోట్ల బిగించే పట్టీలున్న సీటు కావాలి. ఆరేళ్ళ పాపకు పెద్దవాళ్ళ బెల్టు మెడకు ఒరుసుకోకుండా భుజం మీదుగా, తొడల మీదుగా వచ్చేలా ఎత్తు చేసే బూస్టర్ సీటు కావాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో వెనక్కి తిరిగిన పిల్లల సీటును ఎన్నడూ పెట్టకూడదు. చలికాలమైతే దళసరి కోటు తొడిగి పట్టీలు బిగించకూడదు, కోటు లోపలి గాలి నొక్కుకుపోయి పట్టీ వదులవుతుంది, కనుక పట్టీలు బిగించాక కోటును పైన కప్పాలి. మీరు ఏడుగురు, అందులో మూడు పిల్లల సీట్లు, అంటే మామూలు కారు చాలదు. మినీ వ్యాను అద్దెకు తీసుకొని, సీట్లను బయలుదేరే రోజు పొద్దున్న కాకుండా ముందురోజే బిగించి చూసుకోవడం మంచిది. ఇదంతా పరాయి దేశపు చాదస్తమని ఎవరైనా అంటే, పద్నాలుగేళ్ళ లోపు బిడ్డను బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా బండిలో తీసుకువెళ్తే వెయ్యి రూపాయల జరిమానా మన మోటారు వాహనాల చట్టంలోనే ఉందని చెప్పండి. మన ఊళ్ళో ఎవరూ అడగరన్నది వేరే సంగతి. మీరు మాత్రం వెనక వరుసలో వాడి పక్క సీటు అడిగి తీసుకోండి. వాడి వేలు పట్టుకొని పాట పాడటానికి ఏ చట్టమూ అడ్డు రాదు.

ఇక మీవారి లెక్క. ఎడిసన్ నుంచి పిట్స్‌బర్గ్ దాదాపు 550 కిలోమీటర్లు, రమారమి రాజమహేంద్రవరం నుంచి తిరుపతికి రోడ్డు మీద వెళ్ళినంత దూరం. ఆగకుండా వెళ్తేనే అయిదున్నర, ఆరు గంటలు పడుతుంది. ముగ్గురు పిల్లలతో అది తొమ్మిది గంటలు అవుతుందని నేను ఖాయంగా చెప్పగలను. పంచారామాల యాత్రతో దీన్ని పోల్చడంలో ఒక పొరపాటు ఉంది. సామర్లకోట, ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం ఒకదానికొకటి దగ్గరగా ఉన్న ఊళ్ళు. బస్సు ఆగుతుంది, కాళ్ళు చాపుకుంటాం, కొబ్బరికాయ కొడతాం, కాఫీ తాగుతాం, మళ్ళీ ఎక్కుతాం. అమరావతి ఒక్కటే దూరం. పిట్స్‌బర్గ్ దారిలో గుడి చివరనే ఉంటుంది కాబట్టి ఆ మజిలీలను మనమే కట్టుకోవాలి. పసివాణ్ణి ఆ సీటులో ఏకబిగిన రెండు గంటలకు మించి ఉంచకూడదని పిల్లల వైద్యులు చెబుతారు. ప్రతి రెండు గంటలకూ ఆగి, సీటులోంచి తీసి, పాలు పట్టి, గుడ్డ మార్చి, పెద్దపిల్లలిద్దరినీ పచ్చిక మీద పరుగెత్తించాలి. బండి కదులుతుండగా పాలు పట్టడానికి బిడ్డను సీటులోంచి తీయడం ఒడిలో పెట్టుకున్నంత ప్రమాదమే.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఇదే దారిలో మా అమ్మాయి కుటుంబంతో వెళ్ళినప్పుడు, సామాను సర్దడంలో ఆలస్యమై పదింటికి బయలుదేరాం. సమయం కలిసి వస్తుందని మొదటి మూడు గంటలు ఎక్కడా ఆగవద్దని అన్నది నేనే. ఆ మూడు గంటల ఫలితంగా మనవడు వాంతి చేసుకున్నాడు, బట్టలు మార్చడానికి, సీటు కడగడానికి గంటన్నర పట్టింది, తరువాత వాడు మళ్ళీ ఆ సీటులో కూర్చోనని ఏడ్చాడు. మేము గుడి చేరేసరికి తలుపులు వేసేశారు. దీపాల వెలుగులో తెల్లటి గోపురానికి కారు దగ్గరి నుంచే నమస్కారం పెట్టుకొని బసకు వెళ్ళిపోయాం. మర్నాడు పొద్దున్న పిల్లలు నిద్ర లేచి, కడుపునిండా తిని, నవ్వుతూ గుడిలోకి నడిచినప్పుడు జరిగినదే అసలైన దర్శనం. అప్పటి నుంచి నేను అడిగినవారందరికీ చెప్పేది ఒకటే: ప్రయాణాన్ని దర్శనం వేళకు కాక పిల్లల ఆకలికీ నిద్రకూ తగినట్టు కట్టుకోండి, దర్శనం అందులోనే ఇమిడిపోతుంది. స్వామి ఎక్కడికీ వెళ్ళడు.

కాబట్టి మూడు రోజులు కేటాయించండి: వెళ్ళడానికి ఒకటి, ఉండటానికి ఒకటి, తిరిగి రావడానికి ఒకటి. గుడి పెన్‌హిల్స్ అనే చోట, నగరానికి తూర్పున, అంటే మీరు వెళ్ళే వైపునే ఉంటుంది. రహదారి దిగే మన్రోవిల్‌లో బస చూసుకుంటే పిట్స్‌బర్గ్ నగరంలోకి పోనవసరం లేదు. దారిలో వచ్చే హ్యారిస్‌బర్గ్ నగరం దాటాక పట్టే పెన్సిల్వేనియా టర్న్‌పైక్ 1940లో మొదలైన పాత టోలు రహదారి. 1880లలో ఒక రైలు మార్గం కోసం తవ్వడం మొదలుపెట్టి వదిలేసిన సొరంగాలను కొన్నింటిని దాని కోసం వాడుకున్నారు. మన్రోవిల్ చేరేలోపు బ్లూ మౌంటెన్, కిటటిన్నీ, టస్కరోరా, అలెగెనీ అనే నాలుగు సొరంగాలు వస్తాయి, వాటిలో మొదటి రెండూ పక్కపక్కనే. కొండ అంటే తెలియని కోనసీమ మనుషులకు ఇది పిల్లలతో సమానంగా వింతే. సొరంగం వచ్చినప్పుడల్లా గోవింద నామం చెప్పే ఆట పెడితే ఆరేళ్ళ పాపకు దారి గుర్తుంటుంది. అక్కడ నగదు తీసుకునే టోలు గుమాస్తా ఉండడు, బండి మీది పరికరం ద్వారానో నంబరు ప్లేటును బట్టో రుసుము పడుతుంది, ఆ సంగతి మీ అబ్బాయికి తెలిసే ఉంటుంది.

అంత దూరం వెళ్ళేముందు, ఎడిసన్‌కు అరగంట ప్రయాణంలో ఉన్న బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి ఒక ఆదివారం అందరూ అదే బండిలో, అవే సీట్లలో వెళ్ళి రండి. ఏ పిల్లవాడు ఎంతసేపు కూర్చుంటాడో, ఏ సంచీ చేతికందే చోట ఉండాలో ఆ ఒక్క పూటలో తెలిసిపోతుంది. అది చూశాక పిట్స్‌బర్గ్ వాయిదా వేద్దామని అనిపిస్తే వాయిదా వేయండి, అందులో అపచారం ఏమీ లేదు. అయినా మీవారు పిట్స్‌బర్గే కావాలని ఎందుకు పట్టుబడుతున్నారో నాకు అర్థమవుతోంది. తిరుమల తిరుపతి దేవస్థానాల సహకారంతో 1976లో వెలసిన ఆ గుడి అమెరికాలోని వెంకన్న గుళ్ళలో తొలితరానిది, అక్కడికి తొలినాళ్ళలో వెళ్ళి స్థిరపడిన తెలుగువారికి అది తిరుపతితో సమానం. వీలైతే రెండో రోజు సాయంత్రం నగరంలో అలెగెనీ, మొనాంగహేలా నదులు కలిసి ఒహాయో నదిగా మారే చోటును కూడా చూడండి. ధవళేశ్వరం దిగువన ఒక గోదావరి గౌతమిగా, వశిష్ఠగా విడిపోవడం చూస్తూ పెరిగినవాళ్ళకు, రెండు నదులు ఒకటై పోవడం చూస్తుంటే మనసులో ఏదో కదులుతుంది. దగ్గరలోనే 1877 నుంచి నడుస్తున్న డ్యూకేన్ ఇంక్లైన్ అనే తాడుబండి కొండ పైకి తీసుకువెళ్తుంది, మూడేళ్ళవాడికి నదుల కంటే అదే నచ్చుతుంది.

పుట్టువెంట్రుకల గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మొక్కు అంతర్వేది స్వామికి చెల్లించవలసినదైతే అంతర్వేదిలోనే చెల్లించాలి. మొక్కును బదిలీ చేయమని చెప్పే బంధువులు స్వామి తరఫున మాట్లాడుతున్నవారు కారు. బిడ్డ ఇక్కడికి వచ్చేదాకా ఆగలేమన్న దిగులు ఉంటే మన ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి ఒకటి ఉంది కదా: పసుపుగుడ్డలో ఒక రూపాయి ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టి, వచ్చినప్పుడు చెల్లిస్తామని దండం పెట్టుకోండి. బయలుదేరే ముందు వశిష్ఠ ఒడ్డుకు వెళ్ళి స్వామితో ఆ మాట మీరే స్వయంగా చెప్పి రావచ్చు.

ప్రశ్న: నాకు 62 ఏళ్ళు. భీమవరంలో ముప్ఫై ఏళ్ళుగా కారు నడుపుతున్నాను, ఒక్క ప్రమాదం కూడా చేయలేదు. అమెరికాలో మనవలతో గుడికి వెళ్ళేటప్పుడు మా అల్లుడు ఒక్కడే అంత దూరం నడపాలి. నేను కొంత దూరం సాయం చేయవచ్చా? ఏ కాగితాలు కావాలి?
ఒక పాఠకుడు, భీమవరం

సమాధానం: కాగితాల వరకు పని తేలిక. మీ లైసెన్సు ఇచ్చిన రవాణా కార్యాలయంలో 4ఎ ఫారంతో దరఖాస్తు చేసి వెయ్యి రూపాయలు కడితే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇస్తారు. దానికి ఒక్క ఏడాది గడువు ఉంటుంది, మీ అసలు లైసెన్సు వెంట ఉంటేనే అది చెల్లుతుంది. నియమాలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి కనుక వెళ్ళే దారిలోని ప్రతి రాష్ట్రం నియమాన్నీ అల్లుడి చేత చూపించుకోవాలి. బండి బీమా మీ పేరును ఒప్పుకుంటుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

అయినా నడపవద్దనే నా సలహా. అక్కడ స్టీరింగు ఎడమ వైపు, నడక కుడి వైపు. ముప్ఫై ఏళ్ళ అలవాటు మీకు ఇక్కడ ఎంత బలమో అక్కడ అంత బరువు, ఎందుకంటే తడబడిన క్షణంలో చేయీ కన్నూ పాత వైపుకే పోతాయి. పసుపు రంగు బడిబస్సు ఎర్రదీపాలు వెలిగించి ఆగితే, మధ్యలో విభజన లేని రోడ్డు మీద ఎదురుగా వచ్చే బండ్లు కూడా ఆగిపోవాలి. ఇలాంటివి చదివి తెలుసుకోవచ్చు కానీ, వెనక మనవలు ఏడుస్తుంటే గంటకు 110 కిలోమీటర్ల వేగంలో అవి గుర్తుకు రావడం వేరు. మీ అమ్మాయికి అక్కడి లైసెన్సు ఉంటే భార్యాభర్తలు వంతులవారీగా నడపాలి, లేదంటే దారిలో ఒక రాత్రి ఆగాలి. మీరు ముందు సీటులో కూర్చొని దారి చూస్తూ, అల్లుడికి నిద్ర రాకుండా మాట్లాడుతూ ఉంటే అది చిన్న సాయం కాదు.

ప్రశ్న: పాపకు అయిదేళ్ళు, బాబుకు పదకొండు నెలలు. మావారి దగ్గరికి వెళ్తున్నాం, చేరగానే పిట్స్‌బర్గ్ గుడికి తీసుకువెళ్తానన్నారు. పాప నరసాపురం దాకా కారులో వెళ్ళినా వాంతి చేసుకుంటుంది. దారిలో ఏం పెట్టాలి? అత్తయ్యగారు మామిడిపళ్ళు, కరివేపాకు, గుడిలో వాడటానికి అక్షతలు, పూతరేకులు, ఆవకాయ సర్దుతున్నారు, అవన్నీ తీసుకువెళ్ళవచ్చా?
ఒక తల్లి, పాలకొల్లు

సమాధానం: అత్తయ్యగారు సర్దినవాటిలో మామిడిపళ్ళు, కరివేపాకు, అక్షతలు ఇంట్లోనే ఉంచేయాలి. మామిడిపళ్ళను మన సామానులో తీసుకువెళ్ళనివ్వరు. పచ్చి కరివేపాకు ద్వారా నిమ్మజాతి చెట్లకు తెగులు తెచ్చే పురుగు వస్తుందని దాన్ని నిషేధించారు. అక్షతలు పసుపు కలిపినవైనా బియ్యమే కదా, నిల్వ ధాన్యాన్ని తినే ఖాప్రా పురుగు భయంతో మన దేశం నుంచి ప్రయాణికులు బియ్యం తేవడాన్ని 2021లో ఆపేశారు. ధాన్యానికి పురుగు పడితే ఏమవుతుందో డెల్టా వాళ్ళకు వేరే చెప్పనవసరం లేదు. ఆవకాయ, పూతరేకుల వంటివి ఏవి తీసుకువెళ్ళినా, తినే వస్తువులు ఉన్నాయని దిగిన చోట అధికారికి ముందే చెప్పాలి. చెప్పి ఒకటి పోగొట్టుకోవడం నష్టం కాదు, చెప్పకుండా పట్టుబడితే జరిమానా పడుతుంది. ఎడిసన్ పరిసరాలలోని ఓక్‌ట్రీ రోడ్డులో కరివేపాకుతో సహా మన సరుకులన్నీ దొరుకుతాయి.

వాంతులకు మూలం చెవిలో ఉంది. లోపలి చెవి బండి కదులుతోందని చెబుతుంటే, కళ్ళు మాత్రం కదలని సీటునో ఫోనునో చూస్తూ కదలడం లేదని చెబుతాయి. ఆ రెంటికీ పొత్తు కుదరక కడుపులో తిప్పుతుంది. రెండేళ్ళ నుంచి పన్నెండేళ్ళ మధ్య పిల్లలకు ఇది ఎక్కువ. కనుక బండిలో పాప చేతికి ఫోను ఇవ్వవద్దు, బొమ్మల పుస్తకం కూడా వద్దు. ముందు అద్దంలోంచి దూరపు కొండలను చూసేలా మధ్య సీటు ఇవ్వండి, కిటికీ అద్దం కొద్దిగా దించండి, కథ చెప్పండి. మందు వేయవలసి వస్తే ఇక్కడే పిల్లల డాక్టరుగారిని అడిగి మోతాదు రాయించుకోండి, అక్కడి దుకాణంలో చూసిన సీసా కొని పోయవద్దు. కాళ్ళ దగ్గర నాలుగు ప్లాస్టిక్ సంచులూ, ఒక జత బట్టలూ, తడిగుడ్డా ఎప్పుడూ ఉండాలి. విమానం దిగిన వారంలోనే ఈ ప్రయాణం వద్దు. పగలు రాత్రిగా, రాత్రి పగలుగా మారిన పిల్లలకు ముందు నిద్ర కుదురుకోవాలి.

దారి తిండికి మన దిబ్బరొట్టెను మించినది నాకు కనబడలేదు. ముక్కలుగా కోసి ఇస్తే చేతికి అంటకుండా పిల్లలే తింటారు, కడుపులో నిలుస్తుంది. పులిహోర కూడా చింతపండు, నూనెల వల్ల పూటంతా నిలుస్తుంది కానీ, పిల్లల కోసం కలిపేటప్పుడు వేరుశనగ గుళ్ళు, శనగపప్పు వేయకండి. నాలుగేళ్ళ లోపు వారి గొంతుకు అలాంటి గట్టి గింజ అడ్డుపడగలదు. పెరుగన్నాన్ని ఐసు పెట్టెలో పెట్టాలి, బయట రెండు గంటలు దాటితే పారేయాలి.

గుడిలో జాగ్రత్తపడవలసినది ఒకటి ఉంది, దీన్ని పెద్దవాళ్ళు నమ్మరు, అయినా గట్టిగా చెప్పండి. పదకొండు నెలల బాబుకు పంచామృతం నాలికకు రాయకూడదు. అందులో తేనె ఉంటుంది. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి బీజాలు ఏడాది నిండని బిడ్డ పేగులో పెరిగి విషం పుట్టించగలవు, అది కండరాలను చచ్చుబడేలా చేస్తుంది. పెద్దవాళ్ళ పేగులో ఆ బీజాలు నిలవలేవు కాబట్టి మనకు ఏమీ కాదు. తీర్థాన్ని కూడా బాబు నోట్లో పోయకుండా నెత్తిన చల్లితే చాలు. మీరు తీసుకుంటే బిడ్డకు అందినట్టేనని అత్తయ్యగారికి చెప్పండి. ఇంకొక మాట. గుడి చేరేసరికి బాబు నిద్రపోతుంటే, లేపడం ఎందుకు, ఒక్క పది నిమిషాలే కదా అని కారులో వదిలి లోపలికి వెళ్ళాలనిపిస్తుంది. ఎండలో మూసిన కారులో పది నిమిషాలకే వేడి దాదాపు 11 సెంటీగ్రేడు డిగ్రీలు పెరుగుతుంది. నిద్ర చెడినా సరే ఎత్తుకొని వెళ్ళాలి, లేదా ఒకరి తరువాత ఒకరు దర్శనానికి వెళ్ళాలి.

ప్రశ్న: మా మనవలు అక్కడే పుట్టారు. గుడిలో పరుగులు పెడతారు, ఎంత చెప్పినా కూర్చోరు, నలుగురూ చూస్తుంటే సిగ్గుగా ఉంటుంది. వాళ్ళను గుడికి తీసుకువెళ్ళడం మానేయాలా?
ఒక తాతయ్య, రాజోలు

సమాధానం: మానవద్దు. ఆరు గంటలు పట్టీలతో కట్టి కూర్చోబెట్టిన పిల్లవాణ్ణి తిన్నగా తీసుకువెళ్ళి మళ్ళీ కూర్చోమంటే ఎవరు మాత్రం కూర్చుంటారు? లోపలికి వెళ్ళేముందు బయట పావుగంట పరుగెత్తనివ్వండి, ఫలహారం పెట్టండి, మరుగుదొడ్డికి తీసుకువెళ్ళండి. అభిషేకం మొదలుకొని చివరిదాకా ఉండాలని పట్టుపట్టకుండా, హారతి వేళకు వెళ్ళి ఇరవై నిమిషాలలో బయటికి రండి. పిల్లలకు కంటికి కనిపించేది, చేతితో చేయగలిగేది కావాలి. ప్రదక్షిణలు లెక్కపెట్టే పని వాళ్ళకు అప్పగించండి. వాడపల్లిలో ఏడు శనివారాలు, వారానికి ఏడు ప్రదక్షిణలు చేసే మన వాళ్ళ సంగతి చెప్పి, తాతయ్య చేసినన్ని నువ్వు చేయగలవా అని అడిగి చూడండి. పరుగెత్తవలసిన కాళ్ళు ఆ లెక్కలో పడతాయి. ఏడో చుట్టు పూర్తయ్యాక వాడు ఇంకా ఉత్సాహంగా ఉంటే ఎనిమిదోది మీరు కూర్చొని లెక్కపెట్టండి.